ఆరో తరగతిలో ‘వరల్డ్ కల్చర్స్’ ఎత్తేస్తున్నారట. టెక్సాస్ వాళ్లెవరైనా కాస్త వివరంగా చెప్తారా?

ఫ్రిస్కో_నాన్న (అక్టోబర్ 12, 2025, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఐదో తరగతి, బుడ్డోడు ఒకటో తరగతి. ఇవాళ గుడి పార్కింగ్‌లో ఒకాయన కారు తలుపు పట్టుకుని మరీ చెప్పాడు. ఆరో తరగతిలో వరల్డ్ కల్చర్స్ అనే సబ్జెక్టు టెక్సాస్ బోర్డు తీసేసిందట, ఇక పిల్లలకి ఇండియా అన్న మాటే వినపడదట, దీపావళి కూడా పుస్తకంలోంచి పోయిందట. వాట్సాప్‌లో ఇదే సంగతి నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఒకదాంట్లో చట్టం అన్నారు, ఒకదాంట్లో కోర్టు తీర్పు అన్నారు.

నాకు సోషల్ అంటే మ్యాప్ పాయింటింగూ, బిట్ పేపరూ. అంతకుమించి తెలీదు. ఇక్కడ సోషల్ సిలబస్ ఎవరు రాస్తారు? లెజిస్లేచరా, బోర్డా, స్కూలా? దీపావళి నిజంగానే పోయిందా? పండక్కి ఇంకా వారం ఉంది, ఈలోపు తెలిస్తే ఇంట్లో జవాబు చెప్పుకోవచ్చు.

కోనసీమ_కుర్రోడు (రాత్రి 10:58)

అన్నయ్యా, మీ అమ్మాయికి ఇండియా గురించి పుస్తకంలో చదివితేగానీ తెలీదంటే తప్పు పుస్తకానిది కాదండి. ఆయ్. మనం హెచ్1బీ మీద ఉన్నవాళ్లం, ఓటు లేదు, నోటు సంపాదించుకుని ఊరుకుందాం. పైగా మన సోషల్ పుస్తకాల్లో మాత్రం ఏం మిగిలిందని? ‘అశోకుడు చెట్లు నాటించెను’ తప్ప నాకు ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు.

కాటీ_అక్క (రాత్రి 11:35)

తమ్ముడూ ఫ్రిస్కో, పార్కింగ్‌లో విన్నదాంట్లో పావు వంతు నిజం. నేను హ్యూస్టన్ వైపు ఆరేళ్లుగా సబ్‌స్టిట్యూట్ టీచరుగా, అంటే సెలవు పెట్టిన టీచర్ల బదులు, చేస్తున్నా కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

పైన లెజిస్లేచర్, అంటే రాష్ట్ర చట్టసభ, ఉంటుంది. బేసి సంవత్సరాల్లో 140 రోజులు కూర్చుంటుంది, అవసరమైతే గవర్నరు ప్రత్యేకంగా మళ్లీ పిలుస్తాడు. సోషల్ స్టడీస్ చెప్పి తీరాలి, ఫలానావి ఉండాలి, ఫలానావి ఉండకూడదు అని చట్టం చేసేది వాళ్లు. ఆ చట్టాన్ని పాఠాల జాబితాగా మార్చేది స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్. అందులో 15 మంది, జిల్లాలవారీగా ఓటేసి ఎన్నుకుంటారు. ఆ జాబితా పేరు టెక్స్. మీ పిల్లల స్కూలు వెబ్‌సైట్లో ప్రతి చోటా కనిపించేది అదే. దాన్ని చూసి కంపెనీలు పుస్తకాలు వేస్తాయి, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు బడుల్ని నడిపే సంస్థ) కొంటుంది, టీచరు చెప్తుంది, ఎనిమిదో తరగతిలో స్టార్ అనే రాష్ట్ర పరీక్షలో అడుగుతారు.

ఇక మొన్న జరిగింది. సెప్టెంబర్ 12న బోర్డు 8–7తో కొత్త చట్రం ఒకటి ఒప్పుకుంది. ఇప్పుడు నాలుగులో టెక్సాస్ చరిత్ర, ఐదులో అమెరికా, ఆరులో వరల్డ్ కల్చర్స్, ఏడులో మళ్లీ టెక్సాస్, ఎనిమిదిలో 1877 దాకా అమెరికా. కొత్త చట్రంలో మూడు నుంచి ఎనిమిది దాకా అన్నిటినీ కలిపి కాలక్రమంలో చెప్తారు. టెక్సాస్‌కీ అమెరికాకీ పెద్ద వాటా. ఆరో తరగతి వరల్డ్ కల్చర్స్ అనే విడి సబ్జెక్టు ఉండదు. ఇది చట్టం కాదు, కోర్టు తీర్పు అసలే కాదు. చట్రం మాత్రమే. లోపల ఏ వాక్యాలు ఉంటాయో ఇప్పుడు రాస్తున్నారు. వచ్చే ఏడాది వేసవికి ఖాయం చేయాలని, 2030లో తరగతుల్లోకి తేవాలని వాళ్ల లెక్క.

ఫ్రిస్కో_నాన్న (రాత్రి 11:52)

అక్కా, 2030 అంటే మా అమ్మాయికి అప్పటికి పదో తరగతి. అంటే మాకేం పట్టదన్నమాట!

కాటీ_అక్క (రాత్రి 11:55)

అమ్మాయికి పట్టదు. ఒకటో తరగతి బుడ్డోడు 2030లో ఆరుకి వస్తాడు. వేళ్లు పెట్టి లెక్కేసుకో.

ఫ్రిస్కో_నాన్న (రాత్రి 11:57)

…వచ్చేశాడు. సరిగ్గా ఆరే.

ఆస్టిన్_పాతకాపు (అక్టోబర్ 13, ఉదయం 7:15)

1994 నుంచి ఇక్కడే ఉన్నాను. ఈ బోర్డు నాటకాలన్నీ చూశాను, పాప్‌కార్న్ ఖర్చు తప్ప టికెట్టు లేదు.

దీపావళి సంగతి వేరే కథ, చాలామందికి తెలీదు. 2009లో ఆరో తరగతి జాబితా తిరగరాస్తున్నారు. మత పండగల వరసలో ఉన్న క్రిస్మస్‌నూ, యూదుల రోష్ హషానానూ తీసి, దీపావళి చేర్చారు ఆ కమిటీ వాళ్లు. ఒక్కో మతానికి ఒక్కో పండగ చాలు, క్రైస్తవులకి ఈస్టర్ ఎలాగూ ఉందని వాళ్ల తర్కం. ఇంకేముంది, టెక్సాస్‌లో క్రిస్మస్‌ని తీసి దీపావళి పెట్టారని టీవీలు ఊదరగొట్టాయి. నా పక్క క్యూబికల్ తెల్లాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే, ఆ పని నేనే చేసినట్టు. చివరికి క్రిస్మస్ తిరిగొచ్చింది, దీపావళి కూడా ఉండిపోయింది. ఇప్పటికీ ఆ వాక్యంలో క్రిస్మస్, ఈస్టర్, రంజాన్, హజ్, యోమ్ కిప్పుర్, రోష్ హషానా, దీపావళి, వైశాఖి అన్నీ ఒకే వరసలో ఉన్నాయి.

ఇక కొత్త చట్రం గురించి నా మాట కొందరికి నచ్చదు. కాలక్రమంలో చెప్పడం మంచిదే. మా పెద్దాడు ఎనిమిదో తరగతిలో ఉండగా అడిగాను, కొలంబస్ బయల్దేరింది ఇండియా కోసం కదా, అప్పుడు ఇండియాలో ఎవరున్నారు రా అని. ‘అది ఆరో తరగతిలో అయిపోయింది నాన్నా’ అన్నాడు. ఏ ఏడాదికి ఆ ఏడాది డబ్బాలో పెట్టి మూత వేస్తే ఇలాగే ఉంటుంది. 1492లో కొలంబస్, 1498లో కాలికట్‌లో వాస్కో డ గామా, 1509లో హంపీలో రాయలవారి పట్టాభిషేకం. ఈ మూడూ పక్కపక్కన చదివితే కదా రుచి.

కాటీ_అక్క (ఉదయం 8:02)

అన్నగారూ, పక్కపక్కన పెడితే రుచే. మూడోది పెడతారా అన్నదే నా అనుమానం. టెక్సాస్‌కీ అమెరికాకీ పెద్ద పీట వేశాక, విస్తట్లో మిగతావాటికి ఉప్పు వేసినంత చోటే మిగులుతుంది.

ఇంకో చిన్న విషయం. మీరు చెప్పిన ఆ పండగల వాక్యం ముందు ఏ మాట ఉందో చూశారా? ‘సచ్ యాజ్’. టెక్స్ ముందుమాటలోనే రాసి ఉంటుంది: ‘ఇంక్లూడింగ్’ అని ఉంటే ఆ తర్వాత వచ్చినవన్నీ పిల్లలకి వచ్చి తీరాలి. ‘సచ్ యాజ్’ అని ఉంటే అవి ఉదాహరణలు మాత్రమే. అంటే ఇప్పుడున్న జాబితా ప్రకారం కూడా టీచరు దీపావళి చెప్పాలని లేదు. మనవాళ్లు దేన్ని తీసేశారని గోల పెడుతున్నారో అది ఇన్నాళ్లూ ‘ఉదాహరణకు’ అన్న మాట పక్కన నిలబడి ఉంది.

పోయినేడు ఓ ఆరో తరగతికి సబ్‌గా వెళ్లాను. వర్క్‌షీట్లో ఓ గడి: దీపావళి, ఎదురుగా ‘ఫెస్టివల్ ఆఫ్ లైట్స్’, అంతే. ఓ పిల్లాడు చెయ్యెత్తి, అది మా పండగ మిస్, మా అమ్మమ్మ నరకాసురుడి బొమ్మ తగలబెడుతుంది అన్నాడు. పక్కన గుజరాతీ పిల్ల, కాదు, రాముడు ఇంటికొచ్చిన రోజు అంది. పంజాబీ పిల్లాడు, మా గురువు జైల్లోంచి వచ్చిన రోజన్నాడు. ముగ్గురికీ మధ్య వాదన. నిజానికి ఆ రోజు నేర్చుకున్నదంతా ఆ పది నిమిషాల్లోనే. గంట మోగింది, గడి నింపేసి వెళ్లిపోయారు.

కోనసీమ_కుర్రోడు (ఉదయం 8:20)

రెండు ఇంగ్లీషు మాటల కోసం పదిహేను మంది ఎన్నికై వచ్చి కొట్టుకుంటున్నారంటే… ఈ దేశం మనం అనుకున్నంత వేరేదేం కాదండి బాబూ. మా ఊళ్లో బోర్డు మీద పేరు పైన రాయాలా కింద రాయాలా అని రెండు పార్టీలు కర్రలు పట్టుకున్నాయి.

నల్లగొండ_సోషల్‌సారు (ఉదయం 9:48)

అందరికీ నమస్తే. కొడుకు దగ్గరికి ఇర్వింగ్‌కు వచ్చి నాలుగు నెలలైంది. ముప్పై రెండేండ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లల్ల సోషల్ చెప్పి రిటైరైన. ఈ ముచ్చట చూసి ఊకుండబుద్ధి కాలేదు.

మాకు ఇట్ల ఎన్నుకున్న బోర్డు లేదు. పుస్తకం ఎస్‌సీఈఆర్‌టీల (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) తయారైతది, పైన సర్కారు. 1976ల 42వ సవరణతోని చదువు రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు పోయింది, ఢిల్లీకి కూడ చెయ్యి వెట్టే హక్కు వచ్చింది. సర్కారు మారితే పాఠం మారుతది. 2014 తర్వాత మా పుస్తకాలల్ల తెలంగాణ ఉద్యమం పాఠమైంది. అప్పటిదాక నేను ఆ సంగతులు పుస్తకం మూసి చెప్పేది.

మాట గురించి అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సెప్టెంబర్ 17నే తీసుకోండ్రి. 1948ల హైదరాబాద్ సంస్థానం భారత్‌ల కలిసిన రోజు. కొందరు విమోచన అంటరు, కొందరు విలీనం అంటరు. 2022ల రాష్ట్ర సర్కారు సమైక్యతా దినం అన్నది, అదే రోజు కేంద్రం విమోచన దినం అన్నది. ఇప్పుడున్న సర్కారు ప్రజాపాలన దినం అంటున్నది. రోజు ఒక్కటే, పేర్లు నాలుగు. పోరడు లేచి ‘సార్, పరీక్షల ఏది రాయాలె’ అని అడిగితే ఏం చెప్తం? ‘పుస్తకంల ఏదుంటే అది రాయి, ఇంటికి పోయి తాతను అడుగు’ అని చెప్పిన.

ఆస్టిన్_పాతకాపు (ఉదయం 10:30)

సారూ, భలే తేదీ పట్టారు. ఇక్కడా సెప్టెంబర్ 17 మామూలు రోజు కాదు. 1787లో ఆ రోజే అమెరికా రాజ్యాంగం మీద సంతకాలు పడ్డాయి. ఆ తేదీ ఉన్న వారాన్ని టెక్సాస్ చట్టం ‘సెలబ్రేట్ ఫ్రీడమ్ వీక్’ అంటుంది. మూడు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు స్వాతంత్ర్య ప్రకటనలో కొంత భాగం అప్పజెప్పాలి. మనుషులంతా సమానంగా పుట్టారన్న ఆ వాక్యం ఉంది చూడండి, అదే.

తమాషా ఏంటంటే, 2021లో సెనేట్ బిల్ 3 మీద గవర్నర్ ఆబట్ సంతకం పెట్టిందీ సెప్టెంబర్ 17నే.

ఫ్రిస్కో_నాన్న (ఉదయం 10:41)

ఆ అప్పజెప్పడం మా ఇంట్లోనూ విన్నాం. దాంతోపాటు టెక్సాస్ జెండా ప్రతిజ్ఞ ఒకటి ఉంది కదా, బుడ్డోడు స్నానం చేస్తూ కూడా అదే. మా నాన్న ఫోన్లో విని, శ్లోకం బాగా పలుకుతున్నాడే అని మురిసిపోయారు. మేం దిద్దలేదు.

సెనేట్ బిల్ 3 అంటే ఏంటి?

కాటీ_అక్క (మధ్యాహ్నం 12:20, లంచ్ బ్రేక్)

త్వరగా చెప్తా. 2021 జూన్‌లో హౌస్ బిల్ 3979 వచ్చింది. అందులో, వివాదంలో ఉన్న విషయం గురించి మాట్లాడమని టీచర్ని ఎవరూ బలవంతపెట్టకూడదు, తనంతట తనే మాట్లాడితే ఏ ఒక్క పక్షానికీ మొగ్గకుండా అన్ని పక్షాలూ చెప్పాలి అని ఉంది. ఆ అక్టోబర్లో సౌత్‌లేక్‌లో ఒక అధికారి టీచర్లకి శిక్షణ ఇస్తూ, హోలోకాస్ట్ (నాజీలు యూదుల్ని ఊచకోత కోయడం) మీద పుస్తకం పెడితే దానికి ఎదురు దృక్పథం ఉన్నది కూడా పెట్టండి అంది. రికార్డింగ్ బయటికొచ్చింది, దేశమంతా గగ్గోలు. డిస్ట్రిక్ట్ క్షమాపణ చెప్పుకుంది. ఆ చట్టం స్థానంలో వచ్చిందే సెనేట్ బిల్ 3, డిసెంబర్ 2 నుంచి అమలు. ‘ఏ పక్షానికీ మొగ్గకుండా’ పోయి, ‘రాజకీయ పక్షపాతం లేకుండా, వస్తుగతంగా’ అని వచ్చింది. బానిసత్వం, జాతి వివక్ష ఈ దేశపు మూల సూత్రాలకు ద్రోహమే తప్ప ఆ సూత్రాల్లోనే ఉన్నవని చెప్పకూడదు అన్న నిబంధన కూడా ఉంది. లెజిస్లేటర్‌కి ఉత్తరం రాయించి దానికి మార్కులేయడం కూడా కుదరదు.

‘వివాదంలో ఉన్న విషయం’ అంటే ఏంటో మాత్రం చట్టంలో నిర్వచనం లేదు. నా బాధంతా అక్కడే. తెల్లారి వార్తల్లో వచ్చినదేదో పిల్లాడు అడుగుతాడు. నేను సబ్‌ని, నాకు ఉద్యోగ భద్రత గుండు సున్నా. ‘మంచి ప్రశ్న, ఇంటి దగ్గర అడుగు’ అంటాను. సారు ఏమన్నారో నేనూ అదే అంటున్నా చూశారా. ఆయన తాతను అడగమన్నారు, నేను డాడీని అడగమంటున్నా. డాడీ ఇక్కడికొచ్చి సెనేట్ బిల్ 3 అంటే ఏంటని అడుగుతున్నాడు.

ఫ్రిస్కో_నాన్న (మధ్యాహ్నం 12:24)

🙏 అక్కా, తగిలింది.

మోడరేటర్ (మధ్యాహ్నం 1:05)

రెండు వ్యాఖ్యలు తీసేశాను. పార్టీల పేర్లతో తిట్టుకోవాలంటే వేరే దారం ఉంది, అక్కడికి వెళ్లండి.

ఎడిసన్_బావ (సాయంత్రం 5:40)

న్యూజెర్సీ నుంచి హాయ్. మాకు అచ్చంగా చట్టమే ఉంది. 2022 జనవరిలో గవర్నర్ మర్ఫీ సంతకం పెట్టాడు, ఆసియన్ అమెరికన్ల చరిత్ర స్కూళ్లలో చెప్పాలని. మాకన్నా ముందు 2021లో ఇల్లినాయ్ చేసింది, దేశంలో అదే మొదటిది. కాబట్టి టెక్సాస్ బావలూ, సర్దుకుని వచ్చేయండి. దోసెలు కూడా ఇక్కడే బాగుంటాయి.

నిజం చెప్పాలంటే, చట్టం వచ్చాక మావాడికి ఏం చెప్పారని అడిగాను. రైల్వే పట్టాలేసిన చైనా కూలీలు, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్‌వాళ్ల నిర్బంధ శిబిరాలు చెప్పారట. రెండూ చెప్పాల్సినవే. మన గురించి? ‘సమోసా తెచ్చారు’ అన్నాడు.

బే_ఏరియా_బాబాయ్ (సాయంత్రం 6:30)

పండగ ఉందా, సమోసా ఉందా అని వెతుక్కునేవాళ్లకి కాలిఫోర్నియా అనుభవం చెప్తాను.

2005లో ఇక్కడ ఆరో తరగతి ప్రాచీన చరిత్ర పుస్తకాలు ఎంపిక చేస్తున్నప్పుడు హిందూ సంస్థలు సవరణల జాబితాలు ఇచ్చాయి. కొన్ని న్యాయమైనవే. వేరే మతాల గురించి రాసేటప్పుడు చూపిన మర్యాద మన దగ్గరకొచ్చేసరికి తగ్గింది. కొన్ని మాత్రం ఆర్యుల రాక మీద, కులం మీద, స్త్రీల స్థితి మీద. అప్పుడు హార్వర్డ్ నుంచి విట్జెల్ అనే సంస్కృత ప్రొఫెసర్, మరికొందరు పండితులు అభ్యంతరం చెప్పారు. 2006 మార్చి దాకా రగిలి, ఆ తర్వాత కోర్టుకీ వెళ్లింది. పదేళ్లకి, 2016లో, పాఠ్య చట్రం మార్చినప్పుడు రెండో ఆట. ‘ఇండియా’ అనాలా ‘సౌత్ ఏషియా’ అనాలా, కులం గురించి ఎలా చెప్పాలి.

శాక్రమెంటోలో లైన్లో నిలబడ్డాను. అటు మాట్లాడినవాళ్లూ మనవాళ్లే, ఇటు మాట్లాడినవాళ్లూ మనవాళ్లే. కుల ప్రస్తావన తగ్గించండి, మా పిల్లల్ని స్కూల్లో ఏడిపిస్తున్నారు అని ఒక తల్లి ఏడ్చింది. ఆవిడ వెనకే నిలబడ్డ దళిత కుర్రాడు, మా తాత పడ్డది పుస్తకంలో ఉండకపోతే నేను ఎక్కడ ఏడవాలి అన్నాడు. ఇద్దరికీ చెరో నిమిషం. బోర్డు సభ్యులు మా మొహాలు చూస్తూ కూర్చున్నారు. ‘మన’ చరిత్ర పెట్టండి అని అడగడం తేలిక. ఎవరి ‘మన’ అని ఎదురడిగితే లైన్లోనే చీలిపోతాం.

నల్లగొండ_సోషల్‌సారు (రాత్రి 8:10)

బే ఏరియా తమ్ముడు అన్నది గట్టి మాట. మా దగ్గర కూడ అంతే.

ఆస్టిన్_పాతకాపు (రాత్రి 8:45)

మాటల గురించే అనుకుంటున్నాం కదా, ఇంకో రెండు. 2015లో హ్యూస్టన్ దగ్గర పియర్‌లాండ్‌లో ఓ కుర్రాడు తన తొమ్మిదో తరగతి జాగ్రఫీ పుస్తకంలో మ్యాప్ కింది వాక్యం ఫొటో తీసి అమ్మకి పంపాడు. అట్లాంటిక్ బానిస వ్యాపారం ఆఫ్రికా నుంచి లక్షలాది ‘వర్కర్లను’ తోటల్లో పనికి తెచ్చింది అని ఉంది. మెక్‌గ్రా హిల్ పుస్తకం. తల్లి ఇంటర్నెట్లో పెట్టింది, కంపెనీ తప్పు ఒప్పుకుని మార్చింది. 2022లో ఇంకోటి. రెండో తరగతి వాళ్లకి బానిసత్వాన్ని ‘ఇన్‌వాలంటరీ రీలొకేషన్’ అని చెప్దామని ఓ నిపుణుల బృందం ప్రతిపాదించింది. ఇష్టం లేని తరలింపట! బోర్డు దాన్ని ఏకగ్రీవంగా తిప్పి పంపింది. అందుకే అంటాను, ఆ బోర్డు ప్రతిసారీ తప్పే చేస్తుందనుకోవద్దు. ఆ ఏడాది మొత్తం సవరణే 2025 దాకా వాయిదా పడింది, ఆ బాకీయే ఇప్పుడు తీరుస్తున్నారు.

నల్లగొండ_సోషల్‌సారు (రాత్రి 9:20)

‘వర్కర్లు’ అన్నరా! మా నాయిన దొర దగ్గర వెట్టి చేసిండు. పిలిస్తే పోవాలె, పైసలుండవు, పోకుంటే దెబ్బలు. ఒకనాడు నా క్లాసుల ఒక పొల్ల పరీక్షల రాసింది: ‘నిజాం కాలంలో పేదలు దొరల పొలాల్లో కూలి పని చేసేవారు’. తప్పు గొట్టిన. ఆమె వచ్చి అడిగింది, సార్, పని చేసిండ్రు గద, ఏం తప్పు? నేనన్న: బిడ్డా, కూలి అంటే పొద్దుమూకంగ చేతిల ఏమన్న పడ్తది. వెట్టి అంటే దెబ్బ పడ్తది. అర మార్కు ప్రశ్న అది. ఆ అర మార్కు ఇయ్యలేదు నేను.

కోనసీమ_కుర్రోడు (రాత్రి 9:41)

సారూ, వెటకారం మానేశానండి. చదువుతున్నాను.

హైస్కూల్_కిడ్_టీఎక్స్ (రాత్రి 10:15)

హాయ్ అంకుల్స్ అండ్ ఆంటీస్. నా తెలుగు వాయిస్ టైపింగ్, తప్పులు ఉంటే సారీ. నేను 11త్ గ్రేడ్, ఇక్కడే పుట్టాను. వరల్డ్ హిస్టరీలో గాంధీ ఉన్నాడు, మండేలా పక్కన, అది కూడా సచ్ యాజ్ లిస్ట్ అనుకుంటా. ఆ రోజు అందరూ నా వైపు చూశారు. నాకు గాంధీ గురించి వాళ్లకన్నా ఎక్కువ తెలీదు.

కానీ యూఎస్ హిస్టరీ చదివేటప్పుడు మనం ఎక్కడా లేము. మా అమ్మానాన్న ఎందుకు రాగలిగారు, అంతకుముందు ఎందుకు ఎక్కువమంది రాలేదు, అది మా క్లాసులో రాలేదు. నేను యూట్యూబ్‌లో భగత్ సింగ్ థిండ్ గురించి చూశాను. ఆయన యూఎస్ ఆర్మీలో చేశాడు, అయినా సుప్రీంకోర్టు నువ్వు వైట్ కాదు, సిటిజన్ అవ్వలేవు అంది. 1923. దీపావళి కన్నా ఇది ఉంటే నాకు బాగుండేది. దీపావళి ఇంట్లో ఉంది కదా.

బే_ఏరియా_బాబాయ్ (రాత్రి 10:40)

ఈ పిల్లకో పిల్లాడికో ఎవరైనా మైసూర్‌పాక్ పంపండి.

ఆస్టిన్_పాతకాపు (రాత్రి 11:05)

సిగ్గుపడుతున్నాను. ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఉండి నేను ఎప్పుడూ పండగ వాక్యం కోసమే వెతికాను.

ఈ బిడ్డ చెప్పింది పూర్తి చేస్తాను. 1923 తీర్పు తర్వాత అంతకుముందు పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు. 1946లో లూస్–సెల్లర్ చట్టం వచ్చాకే మనవాళ్లు పౌరులు కాగలిగారు, అదీ ఏడాదికి వందమంది కోటాతో. 1956లో దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కి గెలిచాడు. 1965 ఇమిగ్రేషన్ చట్టంతో దేశాలవారీ పాత కోటాలు పోయాయి, ఆ దారినే మనమంతా వచ్చాం. ఇదంతా ఇండియా చరిత్ర కాదు, అమెరికా చరిత్రే. కాలక్రమంలో పెట్టడానికి బోర్డుకి అడ్డమేంటి? వాళ్ల చట్రంలోనే చక్కగా కూర్చుంటుంది.

ఇంకొకరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1920లలో హార్వర్డ్‌కి వచ్చాడు. కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ మీద 1929లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పని చేశాడు. తర్వాత లెడర్లీ కంపెనీలో మందుల పరిశోధన. 1948లో ఇక్కడే పోయాడు. 1946 దాకా ఆయనకి ఈ దేశ పౌరుడయ్యే హక్కే లేదు, కారణం ఆ తీర్పే.

కోనసీమ_కుర్రోడు (రాత్రి 11:12)

మా జిల్లా పక్కోడే! (ఇప్పుడు ‘మావాడు’ అన్నానని బే ఏరియా బాబాయ్ తిట్టొద్దండి.)

ఫ్రిస్కో_నాన్న (అక్టోబర్ 15, రాత్రి 11:30)

రెండు రోజులు ఆలోచించాను. నవంబర్లో బోర్డు సమావేశం ఉంది. ఆన్‌లైన్‌లో పేరు ఇచ్చుకుంటే మాట్లాడనిస్తారని అక్క చెప్పింది. ఓటు లేకపోయినా నోరుంది కదా. ఆస్టిన్‌కి మూడున్నర గంటల డ్రైవ్, ఒకరోజు సెలవు పెడతాను. ఇంగ్లీషులోనే చదువుతాను గానీ ముందు తెలుగులో రాసుకున్నాను:

“నా కొడుకు ఒకటో తరగతి. మీరు ఇప్పుడు రాస్తున్న పాఠాలు వాడు ఆరో తరగతికి వచ్చినప్పుడు మొదలవుతాయి. మా పండగ పేరు ఉంచమని అడగడానికి రాలేదు, అది మా ఇంట్లో భద్రంగానే ఉంది. అమెరికా చరిత్రను కాలక్రమంలో చెప్తామన్నారు. అందులో 1923, 1946, 1965 చెప్పండి. థిండ్ ఈ దేశ సైన్యంలో పనిచేసినవాడు. సుబ్బారావు ఈ దేశపు ల్యాబుల్లో పనిచేసినవాడు. వాళ్లని ఆపింది చట్టమే, ఆ తలుపు తెరిచిందీ చట్టమే. రెండూ చెప్పండి. వాటి ముందు ‘సచ్ యాజ్’ కాకుండా ‘ఇంక్లూడింగ్’ అని రాయండి. దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్ అని మా గురజాడ అన్నాడు…”

ఆ తర్వాత ఇంకో పేరా ఉంది, వరల్డ్ కల్చర్స్‌లో పోయేదాని గురించి. పిల్లలు నిద్రపోతున్నారని గ్యారేజీలో కారులో కూర్చుని చదివి టైమ్ చూశాను. 3:10.

కాటీ_అక్క (రాత్రి 11:48)

బాగా రాశావు, నిడివి తగ్గించు. జనం ఎక్కువైతే ఒక్కొక్కరికి రెండు నిమిషాలే ఇస్తారు, గడియారం ఎర్రగా మెరుస్తుంది, మధ్యలో ఆపేస్తారు. చివరి పేరా కాగితం మీద ఇచ్చెయ్, చదవకు. ‘చట్టమే ఆపింది, చట్టమే తెరిచింది’ అన్నది ముందుకు తే. ఇంకో మాట, గురజాడని తీసెయ్.

ఫ్రిస్కో_నాన్న (రాత్రి 11:51)

గురజాడనా? అక్కా!

కాటీ_అక్క (రాత్రి 11:53)

అక్కడున్న పదిహేను మందికి ఆయనెవరో చెప్పడానికే నీకు ఇరవై సెకన్లు పోతాయి. ఆ ఇరవై సెకన్లు సుబ్బారావుకి ఇవ్వు.

నల్లగొండ_సోషల్‌సారు (అక్టోబర్ 16, ఉదయం 6:05)

బాబూ ఫ్రిస్కో, నేను వస్త కారుల. మాట్లాడ, వెనక కూసుంట. నా సంచిల పాత సోషల్ పుస్తకం ఒకటున్నది, తెస్త.

ఫ్రిస్కో_నాన్న (ఉదయం 6:40)

తప్పకుండా సార్, ఇర్వింగ్ మీదుగానే వస్తాను. అక్కా, గురజాడ పోయాడు. ఇప్పుడు 1:52.